ఎడమవైపు ఆగే చోటు

మెడలో కొలతల టేపు లేకుండా ఎవరికీ కనబడేది కాదు కాబట్టి వీధంతా ఆమెను టేపమ్మ అనేవాళ్ళు. అలాంటి టేపమ్మ నలభై రెండేళ్ళ వయసులో బెల్లీ డాన్సు క్లాసులో చేరింది. చేర్పించింది ఎవరనుకున్నారు? సొంత చెల్లెలు. "ఎంతసేపూ ఆ కుట్టుమిషను ముందే కూచుంటే నడుం పట్టేయదూ? రా అక్కా, ఇద్దరం పోదాం" అని చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. మందుల షాపు పైన, ఒక గోడంతా అద్దం ఉన్న గది. శని, ఆదివారాలు పొద్దున్నే క్లాసు.

మొదటి రోజు టేపమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. నడుముకి గలగలమనే లోహపు బిళ్ళల గుడ్డ చుట్టుకుని, అద్దం ముందు పొట్ట ఊపమంటే ఎవరికి మాత్రం సిగ్గు వేయదు? పైగా ఆ పొట్టంటే ఆమెకి కోపం కూడా. ఏడేళ్ళ కిందట ఆపరేషను చేసి కణితి తీశారు. ఎడమపక్క జానెడు మచ్చ మిగిలింది. అప్పట్నుంచీ దాన్ని దాచుకోవడమే సరిపోయింది. మూడో వారానికి మాత్రం, ఇన్నాళ్ళకి ఈ పొట్టతో ఒక మంచి పని పడిందనిపించింది.

భర్త సిటీ బస్సు డ్రైవరు. తెల్లవారుజాము డ్యూటీ చేసొచ్చి మధ్యాహ్నం పడుకుంటాడు. ఆమెకి సాధన కుదిరేదీ అప్పుడే. ఆయన నిద్ర చెడగొట్టకూడదని గుడ్డకున్న బిళ్ళలు ఒక్కోదానికీ దారం చుట్టి, చప్పుడు రాకుండా చేసింది. నూట ఇరవై బిళ్ళలు! కుట్టుపని చేసేవాళ్ళకి తప్ప ఇంత ఓపిక ఎవరికుంటుంది?

ఏడాది చివర ప్రదర్శన పెట్టారు. టీచరు అందరినీ గుంపులో వేసి, టేపమ్మకి ఒక్కదానికే మూడు నిమిషాలు ఇచ్చింది. అడుగులు కూడా మీరే కూర్చుకోండంది. టేపమ్మ రెండు నెలలు ఇంట్లోనే కూర్చింది. ఎడమ తుంటి దించే చోట మచ్చ దగ్గర లాగేది. అందుకని అక్కడ ఒక్క క్షణం ఆగి, ఊపిరి బిగబట్టి, మెల్లగా దించేది. ఆ ఆగడం ఎందుకో చెల్లెలికి తెలుసు. తెలియకేం, ఆపరేషనప్పుడు రోజూ కట్టు మార్చింది తనే. సాధనప్పుడు పక్కన కూచుని చప్పుడు కాకుండా వేళ్ళతో తాళం వేస్తూ, "నువ్వు మర్చిపోతే నేను అందిస్తాలే" అని అడుగులన్నీ నేర్చేసుకుంది.

చివరి రెండు వారాలు స్కూలు యూనిఫాముల ఆర్డరు మీద పడింది.

"క్లాసులకి రాలేను, నేరుగా ప్రదర్శనకే వస్తానని మేడమ్‌కి చెప్పవే" అంది టేపమ్మ.

"నేను చూసుకుంటాగా! నీ ఎర్ర డ్రెస్సూ, బిళ్ళల గుడ్డా ఇచ్చెయ్. ఇస్త్రీ చేయించి హాలుకే తెస్తా" అంది చెల్లెలు. ఎంత ప్రేమో!

ఆ సాయంత్రం భర్త సెలవు పెట్టి, కొత్త చొక్కా వేసుకుని ముందు వరసలో కూచున్నాడు. టేపమ్మ సంచిలో చిన్న కత్తెర పెట్టుకుంది, బిళ్ళల దారాలు కత్తిరించడానికి. తెర వెనక ఆమెను చూడగానే టీచరు తెల్లబోయింది.

"మీవారు వద్దన్నారని మానేశారటగా? మీ చెల్లెలు రెండు వారాల కిందటే చెప్పింది. మీ బదులు తనే సొంతంగా అడుగులు కూర్చుకుని చేస్తానంది."

"మావారా? ఆయన ముందు వరసలోనే ఉన్నారండీ!"

అప్పటికే సంగీతం మొదలైంది. వేదిక మీద ఎర్ర డ్రెస్సులో చెల్లెలు. టేపమ్మ చూపు ముందుగా డ్రెస్సు కుట్టు మీద పడింది. రెండు పక్కలా రెండేసి వేళ్ళ మేర లోపలికి పట్టి, చెల్లెలి సన్నని నడుముకి సరిపోయేలా కుట్టి ఉంది. వంకరటింకర కుట్టు. ఎన్నిసార్లు నేర్పబోయినా సూది ముట్టని మనిషి, దీనికోసం కూచుని కుట్టుకుంది. అంటే ఈ పూట పుట్టిన బుద్ధి కాదన్నమాట. బిళ్ళలు గలగలమంటున్నాయి. దారాలు కూడా తనే తెంపేసుకుంది.

ఇంతలో ఆ చోటు వచ్చింది. ఏ మచ్చా లేని చెల్లెలు ఎడమవైపు ఆగింది, ఊపిరి బిగబట్టింది, మెల్లగా దించింది. హాలంతా చప్పట్లు.

"ఆ ఆగడం ఎంత బాగుందో! ఎలా తట్టిందో మీ చెల్లెలికి" అంది టీచరు.

"తనకి తట్టింది కాదండీ. నా నొప్పి అది" అంది టేపమ్మ.

చెల్లెలు చెమటలు కక్కుతూ తెర వెనక్కి వచ్చి, అక్కను చూసి ఆగిపోయింది.

"నా కట్టు మార్చిన చేతులతోనే చేశావటే ఈ పని? అడిగితే ఇచ్చేదాన్ని కదా!"

"అడిగితే నువ్విచ్చింది అవుతుందక్కా. నాది అవదు."

టేపమ్మకి ఒళ్ళు మండిపోయింది. బయటికొచ్చి భర్త పక్కన కూలబడింది. ఆయన ఇంకా వేదిక వైపే చూస్తున్నాడు.

"మీ చెల్లి ఎడమవైపు ఎందుకాగింది? దానికేం నొప్పి? అక్కడ ఆగేది నువ్వు కదా."

"మీకెలా తెలుసు?"

"రోజూ తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాగా. నాకోసం అన్ని బిళ్ళలకి దారం చుట్టావు, లేచొస్తే ఏం బాగుంటుందని పడుకున్నట్టే ఉండేవాణ్ణి. అవి మోగితే ఎలా ఉంటుందో ఇవాళ విందామని వచ్చా."

"విన్నారుగా" అంది టేపమ్మ.