హెలెన్ మాస్టర్ టేపులు

మా ఆయన ఏలియా బస్సు డ్యూటీ దిగి వస్తూ వస్తూ పలచటి చదరపు అట్ట కవరొకటి పట్టుకొచ్చి నా కుట్టుమిషన్ మీద పెట్టాడు. కత్తిరించి ఉంచిన జాకెట్టు ముక్కల మీద పెట్టాడని కసురుదామని నోరు తెరిచాను. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. కవరు మీద హెలెన్. ఉంగరాల జుట్టు, వెండి రంగు కోటు, చేతిలో మైకు. పరికిణీ కట్టుకునే వయసులో నేను గోడకి అంటించుకున్న ఫోటోనే అది.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"రికార్డే. పాత ఆల్బమ్స్ అన్నీ మళ్ళీ వేశారు. బెంజ్ సర్కిల్ దగ్గర షాపులో గుట్టలు పోసి పెట్టారు. ఆదివారం సాయంత్రం ఆవిడే వస్తుందంట, సంతకాలు పెట్టడానికి. మళ్ళీ స్టేజీ ఎక్కుతుందంట సువార్తా. కంబ్యాక్ అంట!"

"మనింట్లో దీన్ని వెయ్యడానికి మిషనేది?"

"బొమ్మ చూసుకుంటావులే అని తెచ్చాను. నువ్వు జూనియర్ హెలెన్‌వి గదా."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. హెలెన్ మళ్ళీ పాడటమేమిటి? ఆ పాటలు పాపమని, ఇక చచ్చినా పాడనని లక్షమంది ముందు ఏడ్చి చెప్పిన మనిషి కదా!

ఈ కాలం పిల్లలకి హెలెన్ తెలియదు. క్యాసెట్ల రోజుల్లో మా కృష్ణా జిల్లాలో ఆవిడ పాట మోగని ఆటో లేదు. జీన్సు ప్యాంటు వేసుకుని తెలుగులో పాప్ పాడిన మొదటి ఆడపిల్ల మాకు ఆవిడే. నేను అప్పుడు విజయవాడలో ఒక ఆర్కెస్ట్రాలో పాడేదాన్ని. పెళ్ళిళ్ళు, దసరా పందిళ్ళు. హెలెన్ పాటలన్నీ నావే. అనౌన్సరు "జూనియర్ హెలెన్" అనగానే ఈలలు మొదలయ్యేవి. ఆ ఈలలకి మా అమ్మ మండిపడేది, నేను మాత్రం నేల మీద నడిచేదాన్ని కాదు.

అలాంటి హెలెన్ ఉన్నట్టుండి పాటలు మానేసింది. మారుమనసు పొందిందనీ, సభల్లో సాక్ష్యం చెబుతోందనీ విన్నాం. మా చర్చివాళ్ళ సభల్లో సాక్ష్యమంటే తెలుసు కదా, పాత బతుకు ఎంత చెడ్డదో, దేవుడు ఎలా లాగి బయట పడేశాడో నలుగురిలో నిలబడి చెప్పుకోవడం. గుడివాడ సభలకి ఆవిడ వస్తోందంటే నేనూ వెళ్ళాను. తెల్ల చీర, బోసి మెడ. వెక్కి వెక్కి ఏడుస్తూ చెప్పింది. "నా పాటలు అసలు రికార్డు చేసిన మాస్టర్ టేపులు ఈ చేతుల్తో నేనే కాల్చేశాను. ఇక లోకంలో వాటికి తల్లి లేదు," అంది. జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత స్టేజీ ముందు మంట వేశారు. పాత బతుకు వదిలేసేవాళ్ళు వచ్చి ఇందులో వెయ్యండి అన్నారు. సిగరెట్ పెట్టెలు పడ్డాయి, పేక ముక్కలు పడ్డాయి, హెలెన్ క్యాసెట్లు పడ్డాయి.

నా హ్యాండ్‌బ్యాగులో కూడా ఒక క్యాసెట్ ఉంది. హెలెన్‌ది కాదు. నాది.

మా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే చక్రి నాకోసం ఒక పాట కట్టాడు. మాట అతనిదే, వరస అతనిదే. గవర్నర్‌పేటలో ఒకే ఒక్క గది ఉన్న స్టూడియోలో రికార్డు చేశాం. ఆ స్టూడియో ఆయన పరమ పిసినారి. క్యాసెట్టులోకి ఎక్కించి ఇచ్చి, పెద్ద టేపు చెరిపేసి మర్నాడు భజన పాటలకి వాడుకున్నాడు. అంచేత ఆ పాట ఉన్నది ఆ ఒక్క క్యాసెట్టులోనే. మద్రాసులో క్యాసెట్ల కంపెనీకి పంపిద్దామని బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాను. తీసి మంటలో వేశాను. హెలెన్ స్టేజీ దిగి వచ్చి నన్ను వాటేసుకుంది. ఆర్కెస్ట్రా కూడా ఆ రోజుతో సరి.

చక్రి నాతో మళ్ళీ మాట్లాడలేదు. కరోనాలో పోయాడు. దేవుడితో నాకు ఏ తగాదా లేదు, గుళ్ళో కోయిరుకి ముందు నిలబడి పాడేది ఇవాళ్టికీ నేనే. ఆయనకి ఇచ్చింది ఇచ్చానని గర్వంగానే బతికాను.

అందుకే హెలెన్ మళ్ళీ పాడటం నాకు మింగుడు పడలేదు. పోనీలే, ఏ ఎండకా గొడుగు పట్టే మనుషులు ఎంతమంది లేరు, అని సర్దుకోబోయాను. మా ఆయన భోజనం దగ్గర కూర్చుని మామూలుగా అన్నాడు.

"షాపులో వేసి వినిపించారు. ఎంత క్లియర్‌గా ఉందనుకున్నావ్! మాస్టర్ టేపుల్లోంచే తీశారంట గదా మరి."

గరిటె చేతిలోంచి జారి పప్పులో పడింది. "ఏ టేపులు?" అన్నాను.

"మాస్టర్ టేపులు. అసలువి. ఇన్నాళ్ళూ ఆవిడే భద్రంగా దాచుకుందంట." అప్పటికి గాని ఆయనకి వెలగలేదు. కలిపిన ముద్ద కంచంలో వదిలేశాడు. "అవునే, ఆవిడ కాల్చేసింది గదా?"

కాల్చేసిన టేపులు ఎక్కడినుంచి వచ్చాయి? కాల్చకపోతే ఆ ఏడుపేమిటి, ఆ మంటేమిటి, అందులో నేను వేసిందేమిటి? ఆదివారం దాకా ఒక్క జాకెట్టు సరిగ్గా కుట్టలేదు. ఒకావిడకి చేతులు తిరగేసి కుట్టి తిట్లు కూడా తిన్నాను. అబద్ధమైతే అందరి ముందూ కడిగి పారెయ్యాలనుకున్నాను. కడగాల్సిన మాటలన్నీ మిషన్ తొక్కుతూ వల్లె వేసుకున్నాను.

ఆదివారం షాపులో ఇసకేస్తే రాలనంత జనం. నా ఈడు ఆడవాళ్ళే ఎక్కువ. రికార్డు మోగుతుంటే అందరూ కలిసి పాడుతున్నారు, ఒక్క మాట పొల్లు పోకుండా. నాకూ పెదవులు కదిలాయి. నా మీద నాకే ఒళ్ళు మండింది. బల్ల వెనక హెలెన్ కూర్చుని ఉంది. రంగేసిన జుట్టు, లావు కళ్ళద్దాలు, పక్కన మైకు. ముసలిదైపోయింది. నా వంతు వచ్చింది. మా ఆయన నా వెనకే ఉన్నాడు.

"పేరేంటమ్మా?" అంది, పెన్ను పట్టుకుని.

"సువార్తమ్మండీ. గుడివాడ సభల్లో మంట దగ్గర మీరు నన్ను వాటేసుకున్నారు."

పెన్ను ఆగిపోయింది.

"మాస్టర్ టేపులు కాల్చేశానన్నారు గదండీ. మరి ఇవెక్కడినుంచొచ్చాయండీ?"

పక్కనున్న మేనేజరు "మేడమ్, లైన్ కదలాలి," అన్నాడు. హెలెన్ చెయ్యెత్తి అతన్ని ఆపింది. నా మొహంలోకి చూసింది. ఏదో ఒకటి బొంకుతుందని కాచుకుని ఉన్నాను.

"కాల్చలేదమ్మా," అంది. "పొయ్యి దాకా తీసుకెళ్ళాను. చెయ్యి రాలేదు. మా అమ్మ లాక్కెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టి మూతేసింది. మొదటి సభలో కాల్చేశానని నోరు జారాను. జనం ఒకటే ఏడుపు. తర్వాత సభవాళ్ళు కూడా అదే చెప్పమన్నారు. చెప్పుకుంటా పోయాను."

అబద్ధం చెబితే తిడదామని వచ్చినదాన్ని. ఇంత తేలిగ్గా నిజం చెప్పేసరికి కొయ్యబారిపోయాను. వల్లె వేసుకున్న తిట్లలో ఒక్కటీ గుర్తు రాలేదు.

"నువ్వేం వేశావమ్మా మంటలో? నా క్యాసెట్లేనా? ఇదిగో, అన్నీ తీసుకెళ్ళు. నా పేరు మీద ఇస్తారు."

"మీవి కాదండీ. నాది. నేను పాడింది. నా పాట."

"ఇంకో కాపీ ఉందిగా?"

"లేదండీ. అదొక్కటే."

హెలెన్ కళ్ళద్దాలు తీసేసింది. "అయ్యో తల్లీ! ఉన్నదొక్కటీ ఎందుకు వేశావ్?" అంది. ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడిగింది. అదే నాకు దిమ్మ తిరిగేలా చేసింది. ఈవిడకి తెలియదు! అన్ని ఊళ్ళలో అంతమందిని ఏడిపించిన మనిషికి, తన మాట ఎవరి ఇంట్లో ఏం చేసిందో ఇంతవరకూ తెలియదు.

"మీరు మాస్టర్ టేపులే కాల్చేశారు గదండీ. నాదొక లెక్కా అనుకున్నాను," అన్నాను.

ఆవిడ మేనేజరు వైపు తిరిగి రికార్డు ఆపెయ్యమంది. పక్కనున్న మైకు తీసి నా చేతిలో పెట్టింది. "పాడమ్మా. ఆ పాటే పాడు. నేను వింటాను. ఇంతమంది వింటారు. ఇప్పుడు రికార్డు చేస్తారు కూడా, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి."

ఫోన్లు లేచాయి. మా ఆయన కూడా ఫోను ఎత్తిపట్టుకున్నాడు. ఆయన నన్ను చేసుకున్నది ఆ మంట తర్వాత. ఆ పాట ఆయనెప్పుడూ వినలేదు. మైకు పట్టుకోగానే చెయ్యి కుదురుకుంది. అందుకున్నాను.

"లాస్ట్ బస్సెళ్ళిపోయింది రాజా, బందరు రోడ్డంతా మనదే రాజా..."

గొంతు పలికింది! కోయిరు పుణ్యమా అని ఎక్కడా చెడలేదు. ఎవరో ఈల వేశారు. ఒళ్ళు జల్లుమంది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పల్లవి రెండోసారి తిప్పి పాడాను, చరణానికి ఎత్తుకున్నాను.

మాట లేదు. వరస ఉంది, ఊపు ఉంది, చక్రి కీబోర్డు మీద ఎక్కడ ఆపేవాడో కూడా ఉంది. మాట మాత్రం రాలేదు. మళ్ళీ పల్లవి అందుకుని మళ్ళీ అక్కడికే వచ్చాను. రాలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఇందాక హెలెన్ పాటలు ఒక్క అక్షరం తప్పకుండా పాడిన జనమే, నా వంక గుడ్లప్పగించి చూస్తున్నారు. వాళ్ళేం అందిస్తారు? అందించాల్సినవాడు మట్టిలో ఉన్నాడు. హెలెన్ బల్ల మీదికి వంగి, నాకు అందిద్దామన్నట్టు పెదవులు కదిపింది. ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

"తర్వాతేంటమ్మా?" అని మెల్లగా అడిగింది.

"తెలీదండీ," అన్నాను.

మైకు ఇంకా నా నోటి దగ్గరే ఉంది. ఆ మాట షాపంతా వినబడింది.