హాల్లో ఇంకొకావిడ

మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో, రెండో అంతస్తులో రోజారమణి కాపురం. ఒక హాలు, ఒక పడగ్గది, ఇద్దరు నిలబడితే మోచేతులు తగిలే వంటిల్లు. భర్త గోపి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. గది వాళ్ళిద్దరిది. హాల్లో మంచం అత్త అసిరమ్మది.

ఆ ఇరుకు మీద రోజారమణికి ఎప్పటినుంచో కోపం. అత్త పదిరోజులు పరవాడలో కూతురింటికి వెళ్ళగానే పనిలోకి దిగింది. ముదురాకుపచ్చ గోడలకు లేత మీగడరంగు వేయించింది. కర్టెన్ల కడ్డీని కిటికీ మీద కాకుండా శ్లాబు కిందికంటా ఎత్తించింది. పాత షోకేసు తీసేసింది. తను పనిచేసే చీరల షాపుకి కొత్త హంగులు చేస్తూ పాత నిలువుటద్దం పక్కన పడేస్తే, ఓనర్‌ని అడిగి తెచ్చుకుంది. ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు. కిటికీకి ఎదురుగా గోపీ చేతే గోడకు బిగింపించింది.

కిటికీలోని ఆకాశమంతా అద్దంలోకి వచ్చి కూర్చుంది. హాలు రెండింతలైంది.

"ఏటే ఇది, మనిల్లేనా?" అన్నాడు గోపి నోరు తెరిచి.

ఆదివారం అసిరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి, చేతిసంచీ కిందపెట్టి, అద్దం వైపు చూసి, "ఎవులమ్మా నువ్వు? నిలబడిపోయావేటి, కూకో" అంది.

మొగుడూ పెళ్ళాం పొట్ట పట్టుకుని నవ్వారు. ముసలావిడ వేళాకోళమాడుతోందనుకున్నారు.

మర్నాడు మధ్యాహ్నం తలనొప్పిగా ఉందని రోజారమణి షాపు నుంచి తొందరగా వచ్చేసింది. అద్దం ముందు నేల మీద పళ్ళెంలో అన్నం, వంకాయ కూర, గ్లాసుతో నీళ్ళు. అసిరమ్మ గొంతుక్కూర్చుని బతిమాలుతోంది.

"ఎవరికత్తా అన్నం?"

"ఈవిడికే. పొద్దున్నించీ పిలుత్తన్నాను, పలకదు, తినదు. ముసిల్ది. పాపం, పిల్లలు వొగ్గీసినట్టున్నారు."

 రోజారమణి వెళ్ళి అత్త పక్కన కూర్చుని, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి అద్దంలోకి చూపించింది. "అది అద్దం అత్తా. చూడు, ఇది నాను. పక్కనున్నది నువ్వు."

అసిరమ్మ అద్దంలోకి చూసింది. తన పక్కనున్న కోడలి వైపు చూసింది. మళ్ళీ అద్దంలోకి చూసింది. ఆవిడ ముఖం భయంతో ముడుచుకుపోయింది.

"నువ్విక్కడుంటే, ఆ ముసిల్దాని పక్కకెప్పుడెల్లిపోయావే?"

 కూరలో రెండుసార్లు ఉప్పు, రోజూ వెళ్ళే కిరాణా కొట్టు నుంచి దారి తెలియక పక్కింటావిడ వెంట రావడం, గోపీని చనిపోయిన తన తమ్ముడి పేరుతో పిలవడం, అన్నీ రోజారమణికి ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఇరుకింట్లో చిరాకుతో అత్త పరధ్యానంగా ఉంటోందనుకుంది ఇన్నాళ్ళూ. ఎన్నిసార్లు కసురుకుందో!

గోపీకి ఫోన్ చేస్తే నమ్మలేదు. "సూపు మసకయ్యుంటాది, అంతే" అన్నాడు. సాయంత్రం వచ్చి తల్లిని అద్దం ముందు నిలబెట్టి, అందులో ఉన్నదెవరని తనే అడిగాడు. జవాబు విన్నాక బట్టలైనా మార్చుకోకుండా మంచం మీద కూలబడ్డాడు.

డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మతిమరుపు జబ్బన్నాడు. మందులిస్తే కొంత నెమ్మదిస్తుందిగాని వెనక్కి మళ్ళదన్నాడు.

"అద్దం పెట్టడం వల్లా సార్?" అడిగింది రోజారమణి ఏడుపు ఆపుకుంటూ.

"కాదమ్మా. అద్దం లేకపోతే మీకింకా ఆలస్యంగా తెలిసేది. కానీ తీసేయండి, ఆవిడ భయపడతారు."

ఇంటికి రాగానే గోపి మరలు విప్పడం మొదలుపెట్టాడు. అసిరమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "దాన్నెక్కడికి పంపేత్తన్నారు? ఎవులూ లేరు దానికి!"

రోజారమణి ఆవిడను పొదివి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్ళింది. "వాళ్ళబ్బాయి వచ్చాడత్తా, ఇంటికి తీసుకెళ్ళిపోతన్నాడు."

అసిరమ్మ ఊపిరి పీల్చుకుంది. కాసేపటికి ఇవతలికి వచ్చి చూసింది. అద్దం లేదు. గోడకు నాలుగు రంధ్రాలున్నాయి. స్క్రూడ్రైవర్‌తో గోపి నిలబడి ఉన్నాడు. ఆవిడ అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"మంచోడివి బాబూ, తల్లి కోసం వొచ్చినావు" అంది మెల్లగా. "మా గోపిగాడింకా రాలేదు. దార్లో ఎక్కడైనా కనిపించాడేటి?"

గోపి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. రోజారమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను రెండడుగులు వేసి, తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ రెండు చేతులూ తీసి తన ముఖం మీద పెట్టుకున్నాడు.

"కనిపించాడమ్మా" అన్నాడు. "వొచ్చేత్తన్నాడు. వొచ్చేదాకా నాను నీకాడే ఉంటాను."