తువ్వాలు కింది మాట

పుంగనూరు సంతలో ఎద్దుల బేరం ఒకప్పుడు తువ్వాలు కింద జరిగేది. ఇప్పుడు జరగడం లేదు.

అమ్మేవాడూ దళారీ ఎదురెదురుగా నిలబడి కుడిచేతులు కలిపేవారు. ఆ చేతుల మీద దళారి తన తువ్వాలు కప్పేవాడు. ఇక నోటిమాట ఉండేది కాదు. చూపుడువేలు పట్టుకుంటే ఒక లెక్క, నాలుగు వేళ్లు కలిపి పట్టుకుంటే మరో లెక్క, అరచేతిలో గోటితో గీస్తే అందులో సగం. చుట్టూ నూరుమంది మూగినా ధర ఇద్దరి మధ్యనే ఉండేది.

దళారి బైరప్పది ఎర్రంచు తువ్వాలు. దాని కింద ధరతో పాటు మరొకటి కూడా చేతికి వచ్చేది. బేరం ముగిసి గుడ్డ తీసేసరికి, ఎదుటి మనిషి ఎందుకు అమ్ముతున్నాడో ఆ కారణం బైరప్ప అరచేతిలో ఉండేది. బోరు వేసి నీళ్లు పడనివాడితో చేయి కలిపితే తెల్లటి రాతిపొడి వచ్చేది. ఒకసారి తంబళ్లపల్లె పాపన్న ఎద్దుల జతను తోలుకొని వచ్చి, వాటికి వయసైపోయిందని చెప్పాడు. గుడ్డ తీస్తే బైరప్ప చేతిలో తడి ఆరని వేరుశనగ మొలక ఉంది.

"నీ ఎద్దులకేం వయసు కాలేదు పాపన్నా. విత్తనాలకని అమ్ముతాండావు. ఒకదాన్నే అమ్ము. దుక్కి నాటికి దానికి జోడు నేను మాట్లాడిస్తా" అన్నాడు బైరప్ప.

సంతలో ఎవరూ దీనికి వింతపడేవారు కారు. "ఈసారి ఏమొచ్చిందప్పా?" అని మాత్రం అడిగేవారు. చేయి కడుక్కోవడానికి ఒక కడవలో నీళ్లు పెట్టి ఉంచేవారు.

బైరప్పకు ఒక్కతే కూతురు, మునీశ్వరి. ఆడపిల్ల సంతలోకి వచ్చే ఆనవాయితీ లేదు గనుక, ఆ వేళ్ల భాషను ఆయన ఇంటి అరుగు మీదనే ఆమెకు నేర్పాడు. ప్రతి సాయంత్రం తువ్వాలు కింద చేతులు కలిపి, ఆమె బడి కబుర్లను వేళ్లతోనే చెప్పించుకొనేవాడు. వాళ్లిద్దరి మధ్య గుడ్డ తీసినప్పుడు చేతిలో ఎన్నడూ ఏమీ ఉండేది కాదు. ఒకరి దగ్గర ఒకరు దాచినది లేదు గనుక రావడానికీ ఏమీ లేదు.

మునీశ్వరి మదనపల్లెలో బి.కాం. చివరి సంవత్సరానికి వచ్చిన 1998 నాటికి, సంతకు వచ్చే ఎద్దులు సగానికి సగం తగ్గాయి. పొలాల్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. తన పని తనతోనే ముగుస్తుందని బైరప్పకు తెలుసు. కూతురికి ఇవ్వడానికి ఆయన దగ్గర ఆ పని తప్ప మరొకటి లేదు.

ఆ ఏడాది ఆమెకు బిజినెస్ కమ్యూనికేషన్ అనే పేపరు ఉంది. చెప్పేది సాజిదా మేడం. ఆమె మొదటి రోజే బోర్డు మీద చాక్‌పీసుతో గడులు గీసి, చెప్పేవాడు, మాట, మాట నడిచే దారి, వినేవాడు అని రాసింది. చివరి గడి నుంచి మొదటి గడికి ఒక గీత వెనక్కు తిప్పింది. తరువాత ఇంకొక సంగతి చెప్పింది. కుప్పంలో గ్రానైటు ఎగుమతి చేసే ఒక కంపెనీ, ఇంగ్లీషులో ఉత్తరాలు రాయగలిగిన మనిషి కావాలని కాలేజీని అడిగింది. ఒక్కరే కావాలి. మౌఖిక పరీక్షలో ఎవరు బాగా మాట్లాడితే వారిని తాను అక్కడికి పంపుతానంది.

మునీశ్వరి ఉత్తరం తప్పు లేకుండా రాసేది. లేచి నిలబడితే మాత్రం రెండో వాక్యం దగ్గరే ఆగిపోయేది. పైగా, ఇంటర్వ్యూలో చేయి ఎలా కలపాలో నేర్పిన రోజున ఒక పొరపాటు జరిగింది. మేడం నవ్వుతూ చేయి చాపగానే, మునీశ్వరి చేయి తన అలవాటు ప్రకారం పోయి మేడం రెండు వేళ్లను ఒడిసిపట్టి నొక్కింది.

"ఇదేమిటి మునీశ్వరీ, నా వేళ్లు లెక్కపెడుతున్నావా?"

"బేరం చేస్తాండాది మేడం!" అని వెనక బెంచీ నుంచి దిల్షాద్ అరిచింది. "జాగ్రత్త, తోలుకొని పోతాది!"

తరగతి అంతా గొల్లుమంది. మునీశ్వరి ఆ రోజు బస్సులో పుంగనూరు చేరేదాకా తల ఎత్తలేదు. సాయంత్రం అరుగు మీద తండ్రికి చెప్పి కళ్లు తుడుచుకొంది.

"ఎంతకడిగినావు ఆమెను?" అన్నాడు బైరప్ప.

"రెండుకు నాయనా."

"సదువు సెప్పే ఆమెను రెండుకే అడిగినావా! సిగ్గుండొద్దూ?"

లోపలి నుంచి తల్లి చెంగమ్మ నవ్వు వినిపించింది. మునీశ్వరికి కూడా నవ్వు ఆగలేదు. బైరప్ప ఆమె నోటు పుస్తకం తీసుకొని గడుల బొమ్మను వేలితో తడిమాడు.

"ఈ గీత యాల ఎనక్కి వస్తాండాది?"

"విన్నాయనకు ఎంత అర్థమైందో మళ్లీ చెప్పినాయనకు తెలియాల నాయనా. దాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు."

"అది లేకుంటే బేరమే కాదు గదా" అని ఆయన పుస్తకాన్ని మూసి తిరిగి ఇచ్చాడు. "మీ మేడం తెలిసినామె. ఏదీ, నువ్వు మాట్లాడబోయేది నాకు సెప్పు."

"నీకు ఇంగ్లీషు రాదు గదా?"

"రాదు. సెప్పు."

ఆమె లేచి నిలబడి, కంఠతా పట్టిన మూడు నిమిషాల ప్రసంగాన్ని గడగడా అప్పజెప్పింది. ఆయన కళ్లార్పకుండా విన్నాడు.

"ఒక ముక్క తెలియలే. అది సరే. నువ్వు ఎవరితో మాట్లాడతాండావో కూడా నాకు తెలియలే. గోడతో మాట్లాడినట్టుండాది. ముందు ఆ మనిషి యాల వచ్చినాడో, ఆయప్పకేం కావాల్నో తెలుసుకో. అదైనాక నీ మాట సెప్పు."

ఆ సాయంత్రం నుంచి వారి ఆట మారింది. ఆమె తువ్వాలు కింద తండ్రి చేతిలో చేయి పెట్టి ఇంగ్లీషులో మాట్లాడేది. ఆమె మాట తనను వదిలి వెళ్లిపోతున్నట్టు అనిపించినప్పుడల్లా ఆయన చిటికెనవేలు నొక్కేవాడు. ఆమె ఆగి, ఆయన ముఖం చూసి, అదే వాక్యాన్ని చిన్నది చేసి మళ్లీ చెప్పేది. మొదటి వారంలో ఆమె చిటికెనవేలు కమిలిపోయింది. నెల తిరిగేసరికి ఆయన ఒక్కసారి కూడా నొక్కకుండా మూడు నిమిషాలు గడిచాయి. ఆ భాషలో ఒక్క మాటా తెలియని మనిషి, ముగింపు వచ్చిందని తెలిసి, సరిగ్గా ఆ చోటనే చేయి వదిలాడు.

మౌఖిక పరీక్షలో మునీశ్వరి గోడతో మాట్లాడలేదు. మేడం ముఖంలో సందేహం కనబడిన చోట ఆగింది. తెలియని ప్రశ్నకు తెలియదని చెప్పింది. సాజిదా మేడం మార్కులు వేసి, కాగితం పక్కన పెట్టి, తానే ముందుగా రెండు వేళ్లు చాపింది.

"కుప్పం నువ్వు వెళ్లు. ఈసారి ఎంతకు అడుగుతావో చూస్తాను."

వెళ్లేనాడు ఉదయం నుంచీ తుంపర. బస్టాండులో బైరప్ప తన భుజం మీది తువ్వాలు తీసి, ఆమె సర్టిఫికెట్ల ఫైలుకు చుట్టబెట్టాడు. పలమనేరు, వి.కోట దాటి ఆమె కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. కంపెనీ ఆఫీసు రైలు కట్టకు అవతల ఉంది. వరండాలో నునుపు చేసిన నల్లరాతి పలకలు గోడకు ఆనించి ఉన్నాయి. యజమాని గంగులప్ప లావుపాటి మనిషి. విదేశాల వాళ్లతో మెలగి చేయి కలిపే అలవాటు చేసుకొన్నవాడు. ఆయన లేచి చేయి చాపాడు. మునీశ్వరి ఫైలును ఎడమచేతికి మార్చుకొని కుడిచేయి ఇచ్చింది. ఫైలు మీద నుంచి తువ్వాలు కొస జారి, కలిసిన చేతుల మీద పడింది.

చేయి వెనక్కు తీసుకొనేసరికి ఆమె అరచేతిలో పిడికెడు తడి ఇసుక ఉంది. అందులో చిన్న గవ్వ ముక్క. ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు. వాసన చూసింది. ఉప్పు తగిలింది.

గంగులప్ప తువ్వాలు వైపు చూశాడు. "నువ్వు పుంగనూరు బైరప్ప కూతురివా? మా తాత ఆ సంతలోనే ఎద్దులు కొనేవాడు. ఏమొచ్చిందమ్మా?"

"ఇసక సార్. సముద్రపుది."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నా రాయి మద్రాసు హార్బర్లో నలభై దినాలుగా పడుండాది. జర్మనీ ఆయప్ప తీసుకోను అనడు, పంపమనడు. మేమూ ఉత్తరం మీద ఉత్తరం రాస్తానే ఉండాము."

"ఆ ఉత్తరాలు ఒకసారి చూడొచ్చా సార్?"

ఆమె ఫైలు బల్ల మీద పెట్టి, ఇసుకను ఎడమ అరచేతిలోకి మార్చుకొని, వాటిని నిదానంగా చదివింది. జర్మనీ నుంచి వచ్చినవన్నీ ఒక్క ప్రశ్నే అడుగుతున్నాయి. పద్నాలుగు దిమ్మెలలో రెండింటికి తెల్లచార ఉంది, వాటిని ఏం చేస్తారు? కుప్పం నుంచి వెళ్లినవి ఒక్కొక్కటి రెండు పేజీలు. వాటిలో గంగులప్ప తాతగారి కాలం నుంచి కంపెనీ సాధించిన పేరు ఉంది, కుప్పం రాతి గొప్పతనం ఉంది, వందనాలు ఉన్నాయి.

"వీళ్లడిగినదానికి జవాబు దీంట్లో లేదు సార్" అంది మునీశ్వరి. తాను ఎక్కడా ఆగకుండా మాట్లాడానని ఆమెకు తరువాత గాని తట్టలేదు. "ఆయప్ప మన పేరు గురించి అడగలేదు. చార గురించి అడిగినాడు."

"చార ఉందని ఒప్పుకుంటే పరువు పోదా అమ్మా?"

"హార్బర్లో ఆయన మనిషి రాయిని సూసినాకనే గదా రాసినాడు? చార లేదని మనమంటేనే పరువు పోతుంది సార్."

గంగులప్ప పేపర్‌వెయిట్‌ను పక్కకు తోసి, తెల్లకాగితం ఆమె వైపు జరిపాడు. ఫ్యాక్సులో పంపడానికి ఆమె ఇంగ్లీషులో ఐదు వాక్యాలు రాసింది. రెండు దిమ్మెలకు చార ఉన్న మాట నిజం. వాటిని వెనక్కు తీసుకొంటాము. బదులు రెండింటిని ఈ నెల ఇరవైలోగా పంపుతాము. మిగిలిన పన్నెండింటిని ఓడ ఎక్కించడానికి మీ అనుమతి కావాలి. శుక్రవారంలోగా తెలియజేయగలరు.

"ఇంతేనా?" అన్నాడు గంగులప్ప.

"ఇంతే సార్."

చేతి ఇసుకను ఎక్కడ వేయాలని ఆమె అడిగింది. ఆయన కిటికీలోని పూలకుండీ చూపించాడు.

తొమ్మిది రోజులకు ఉద్యోగపు ఉత్తర్వు పోస్టులో వచ్చింది. కింద గంగులప్ప చేతిరాతతో ఒక వాక్యం ఉంది: రాయి ఓడ ఎక్కింది. బైరప్ప ఆ కాగితాన్ని సంతకు పట్టుకొని పోయి, చదవగలిగిన ప్రతివాడి చేతా చదివించుకొన్నాడు. అమ్మకానికి వచ్చినవాళ్లను కూడా ముందు అది చదివిన తరువాతనే చేయి చాపమన్నాడు.

"కాగితం నలిగిపోతాదప్పా, దాచుకో" అన్నాడు పాపన్న.

"నలగనీ. ఐదు మాటలతో ఓడను కదిలించినాది నా బిడ్డ. యాడో సముద్రం మీద ఓడ!"

ఆ వారంలోనే ఆయన మదనపల్లెలో డాక్టరుకు చూపించుకొన్నాడు. డాక్టరు చెప్పిన సంగతిని చెంగమ్మకు ఒక్కదానికే చెప్పి, ఒట్టు వేయించుకొన్నాడు. తెలిస్తే కూతురు కుప్పం వెళ్లదు. మునీశ్వరికి అది మూడు నెలల తరువాత, ఆయన పోవడానికి నాలుగు రోజుల ముందు తెలిసింది.

ఆమె ప్రయాణానికి ముందు రోజు ఆదివారం. పెరట్లో బోరు కుళాయి దగ్గర కూర్చొని, తండ్రి తువ్వాలును సబ్బు పెట్టి ఉతికింది. జాడించి, నీళ్లు కారుతూ ఉండగానే తన కుడిచేతి మీద పరచుకొంది.

"నాయనా, రేపటి నుంచి సాయంత్రాలు నేనుండను. ఒక్క బేరం సేద్దాం రా. చెయ్యి పెట్టు."

బైరప్ప చేయి కొంచెం ముందుకు వచ్చి ఆగింది. తరువాత ఆ చేయి తువ్వాలు కిందికి పోకుండా దాని కొసను పట్టుకొంది.

"తడిగుడ్డ కింద బేరమేందమ్మా? ఆ కొస పట్టుకో, పిండుదాం."

ఆమె రెండో కొస పట్టుకొంది. ఆయన కుడివైపుకు, ఆమె ఎడమవైపుకు తిప్పారు. తువ్వాలు తాడులా మెలిపడి, నీళ్లు ఇద్దరి పాదాల మధ్య ధారగా పడ్డాయి.

"గట్టిగా పట్టు. అప్పుడే ఆఫీసరమ్మవి అయిపోయినావా?"

"నువ్వే వదిలేస్తాండావు నాయనా."

"నేనా? సూడు మరి!" అని ఆయన ఇంకొక మెలి వేశాడు.

చివరి చుక్క కూడా రాలిపోయేదాకా పిండి, మెలి విప్పి, చెరొక పక్క పట్టుకొని రెండుసార్లు దులిపి, దండెం మీద వేశారు.