ఆదివారం చెప్పవలసిన మాట

మధ్యాహ్నానికి ప్రమీల ఆరువందల చొక్కాలకు వేలాడే దారాలు కత్తిరించింది. కత్తెర పక్కన పెట్టినా వేళ్లు పట్టు విడవలేదు. కత్తెర పట్టుకున్నట్లే వంగి ఉన్నాయి. హిందూపురం గార్మెంట్ ఫ్యాక్టరీలో రోజుకు నాలుగువందల కూలి, తిండికి అరగంట విరామం.

"ప్రమీలా, గేటు కాడ మీ అన్నంట," అంది పక్క బల్ల నారాయణమ్మ క్యారియర్ మూత తీస్తూ. "ఇన్నేండ్లకు దావ కనపడిందా ఏమి, ఆ మహానుభావునికి!"

రాజశేఖర్ ఇస్త్రీ చొక్కాతో, చేతిలో బత్తాయిల సంచితో నిలబడి ఉన్నాడు.

తండ్రి మారెప్ప రొద్దం బళ్లో అటెండరుగా చేస్తూ చనిపోతే, ఆ కొలువు పిల్లల్లో ఒకరికే ఇస్తామన్నారు. అమ్మను కడదాకా చూసుకుంటానని అన్న మాట ఇచ్చాడు. ప్రమీల తనకు వద్దని సంతకం పెట్టింది. రెండేళ్లు తిరక్కుండానే, కొడుకు పంపేస్తే, తల్లి పాపమ్మ ఒక సంచితో హిందూపురంలో బస్సు దిగింది. కూతురి ఒంటిగదిలో మూడేళ్లు దగ్గింది. చివరి వారమంతా తలుపు కదిలినప్పుడల్లా, "రాజు వచ్చినాడేమో సూడు" అనేది. కబురు మూడుసార్లు వెళ్లింది. రాజు రాలేదు. మట్టికీ రాలేదు. అది జరిగి ఏడాదయింది.

"ఎట్లుండావమ్మా?"

"ఇట్లుండా. టైము లేదు, చెప్పన్నా."

పెనుకొండలో అతడు వెళ్లే చర్చి సంఘం, ఈ ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభు బల్లకు ముందు, అతణ్ణి సంఘపెద్దగా నిలబెడుతుందట. అక్కడొక కట్టుబాటు ఉంది. పెద్ద కాబోయేవాడితో మాటలు లేని తోబుట్టువు అందరి ఎదుటా లేచి, 'మా మధ్య ఏ భేదమూ లేదు' అని చెప్పాలి.

"ఆశీర్వాదం పాస్టరుగారు నిన్ను పిల్చుకరమ్మన్నారు. ఒక్క మాటే గదమ్మా. మనం క్షమించకుంటే ప్రభువు మనల్ని క్షమిస్తాడా?"

ప్రమీలకు కోపం రాలేదు. కోపానికీ ఒంట్లో సత్తువ కావాలి. అమ్మను మట్టి చేసి వచ్చిన సాయంత్రమే ఆమె మోకాళ్లూని, ఏడ్చి ఏడ్చి, ఈ మనిషిని క్షమించి విడిచిపెట్టింది. అడగకుండా తనకు దొరికిన దేవుని కృపను, అడగకుండానే అతడికిచ్చింది.

"నిన్ను ఎప్పుడో క్షమించినానన్నా."

అతడి ముఖం విప్పారింది. "దేవునికి స్తోత్రం! అయితే ఆదివారం ఆటో పంపిస్తా."

"వస్తా. భేదం లేదని మాత్రం చెప్పను."

"ఇప్పుడే గదా క్షమించినానంటివి!"

"క్షమించినా. ఏమీ జరగలేదని యాడ చెప్పినా? ముందు నువ్వు లేచి, అమ్మను ఏం చేసినావో చెప్పు. నీ పక్కన నేనే నిలబడతా."

"అంతమంది ముందరనా? నా మర్యాదేం కావాల?"

"నన్ను అబద్ధం చెప్పమంటాండేదీ వాళ్ల ముందరే గదా."

ప్రమీల గేటు పక్క అరుగు మీద కూర్చుంది. కాస్త జరిగి, అతడికి చోటు చేసింది.

"అమ్మ ఎట్ల పోయిందో ఇంతవరకు నన్ను అడగలేదు నువ్వు. ఈడ సంఘం లేదు, పాస్టరు లేడు. అడుగన్నా."

రాజశేఖర్ రోడ్డు వైపు చూశాడు. చొక్కా వీపున చెమట పాకుతోంది. అతడు కూర్చోలేదు; వెళ్లనూ లేదు.