మామయ్య తాగిన మంచినీళ్ళు

మా ఇంట్లో ఒకరు ఒక మాట అంటే, దానికి జవాబు చెప్పకుండా ఊరుకునే రకం ఎవరూ లేరు. టీవీలో వార్తలు చదివే అమ్మాయికి కూడా మా అక్క బదులు చెబుతుంది. "నీకేం తల్లీ, చల్లటి గదిలో కూర్చుని ఎన్నైనా చెబుతావు" అంటుంది. బావ ఒక్కడే బయటినుంచి వచ్చినవాడు కాబట్టి, కుట్టుమిషను మీదికి తల వంచుకుని కాలక్షేపం చేస్తుంటాడు. ఇక వాళ్ళ కూతురు, నా మేనకోడలు. మాటలు వచ్చిన రోజు నుంచీ మాటకి మాట అప్పజెబుతూనే ఉంది. అందుకే అందరం లాయరమ్మ అని పిలుస్తాం. పిలవగా పిలవగా దానికీ లా చదవాలన్న కోరిక పుట్టింది.

ఆ కోరికకి ఒక వ్యాసం అడ్డం పడింది.

కాలేజీ ప్రవేశ పరీక్షలో ఒక పేపరు ఉందండీ. ఎవరో ఇచ్చిన ఉపన్యాసమో, రాసిన వ్యాసమో చేతికిస్తారు. ఆ మనిషి చెప్పింది ఒప్పా తప్పా అని అడగరు. వినేవాళ్ళని తనవైపు తిప్పుకోవడానికి ఏం చేశాడు, ఏ మాట ముందు పెట్టాడు, ఏది దాచాడు, ఎక్కడ నవ్వించాడు, ఎక్కడ భయపెట్టాడు, అది విప్పి రాయాలి. మిగతా పేపర్లలో మా పిల్లకి ఢోకా లేదు. కానీ ఇందులో తప్పితే మిగతావి ఎంత బాగా రాసినా సీటు ఇవ్వరు. పోయినేడు అలాగే పోయింది. ఆ కాలేజీవాళ్ళు రెండుసార్లకి మించి రాయనివ్వరు. అంటే ఇదే ఆఖరు.

ట్యూషన్ చెప్పే టీచరమ్మగారు మంచి మనిషి, మాట మాత్రం కత్తి. మా పిల్ల రాసిన ప్రతి వ్యాసం కిందా ఎర్ర సిరాతో ఒకటే ముక్క. "మళ్ళీ రచయితతో పోట్లాడావు. నిన్నెవరు అడిగారు?"

తప్పు పిల్లది కాదు, మాది. మాకు సోఫాల రిపేరు షాపు ఉంది. వెనక గదిలో రెక్సిన్ చుట్టల మధ్య కూర్చుని చదువుకుంటుంది. ఒకరోజు అక్కణ్ణుంచి కేకేసింది.

"మామయ్యా, వీడెవడో చూడు! పెద్ద రోడ్ల మీద సైకిళ్ళు తిరగకూడదట!"

"వాడి మొహం" అన్నాను, నోట్లో మేకులు ఉన్నా.

"వాణ్ణి ఒక్కరోజు మన బస్సెక్కించండి, తెలిసొస్తుంది" అంది అక్క కౌంటరు దగ్గర్నుంచి.

అది తలూపి వెళ్ళి, మేం అన్నదంతా శుభ్రంగా వ్యాసంలో రాసేసింది. మర్నాడు ఎర్ర సిరా మామూలే.

అప్పుడు మిషను ఆగింది. బావ తలెత్తాడు. "పిల్లని చెడగొడుతున్నది మీ అక్కాతమ్ముళ్ళే" అన్నాడు.

బావ మాట్లాడాడంటే మాటలు కాదు. అక్కడికక్కడే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పరీక్ష అయ్యేదాకా ఇంట్లోగానీ షాపులోగానీ, ఎవరేం చెప్పినా ఒప్పని, తప్పని అనకూడదు. ఎలా చెప్పారో మాత్రమే అనాలి. నోరు జారినవాళ్ళు ఆ పూట గిన్నెలు తోమాలి.

ఆ సాయంత్రమే వార్తల అమ్మాయి అక్కని ఓడించింది. తర్వాత వరసగా నా వంతే. ఒక పెద్దమనిషి వచ్చి, "మీ రేట్లు మరీ అన్యాయం" అన్నాడు. నేను పళ్ళు బిగబట్టి, "అన్యాయం అనే మాట ముందు పెట్టి నన్ను తగ్గించారండీ, బాగుంది" అన్నాను. ఆయన నావైపు అదోలా చూసి వెళ్ళిపోయాడు. ఇంతచేసి, ఆయన మెట్లు దిగగానే, "నీకు కూర్చునే యోగం లేదు పో" అనేశాను. గిన్నెలు నావే.

మధ్యలో నేనూ ఒక పాఠం చెప్పాను. "సోఫా మెత్తగా ఉందా లేదా చూసేవాడు కొనుక్కునేవాడు. మనం దాన్ని తిరగేసి, అడుగు బట్ట కోసి, స్ప్రింగులెక్కడున్నాయి, స్పాంజి ఎక్కడ మిగుల్చుకున్నాడు అని చూస్తాం. నువ్వూ వ్యాసాన్ని అలా తిరగెయ్యి" అన్నాను. ఇంత గొప్ప మాట నానోట వచ్చిందేంటని నాకే ఆశ్చర్యం. పిల్లకీ తెగ నచ్చి, అదే వ్యాసంలో మొదటి పేరాగా పెట్టింది. టీచరమ్మగారు కింద రాశారు. "సోఫా బాగుంది. మార్కులు సోఫాకి ఇవ్వరు. అడుగున మళ్ళీ పోట్లాటే."

ఇలా ఉండగా మా బజారు సంఘం మీటింగు వచ్చింది. రద్దీ వేళల్లో వ్యాన్లు, లారీలు సందులోకి రాకూడదని తోపుడుబండ్ల వాళ్ళు అర్జీ పెట్టారు. వ్యాను రాకపోతే నా సోఫాలు ఎగిరి రావుగా! లేచి నిలబడి మాట్లాడాను. నా గొప్ప నేనే చెప్పుకోకూడదుగానీ, చప్పట్లు బాగా పడ్డాయి. అర్జీ పక్కన పెట్టేశారు. బావ ఫోన్లో తీశాడు. చుట్టాల గ్రూపులో పెట్టాను. రాత్రికల్లా దండాల బొమ్మలే దండాల బొమ్మలు. దుబాసీలా ఎప్పుడూ ఎవరో ఒకరి మాటలు మోసే మా చిన్నాన్న కూడా సొంతంగా "శభాష్" అని పెట్టాడు.

మర్నాడు ఆ వీడియో లాయరమ్మ చేతిలో పెట్టాను. "ఎవరెవరివో ఎందుకే, దీని మీద రాయి. మామయ్యదైతే పోట్లాడవుగా."

"నిజంగా రాయమంటావా?"

"రాయవే. నేనేమైనా అనుకుంటానా?"

చెవుల్లో వైర్లు పెట్టుకుని చూసింది. వెనక్కి తిప్పి మళ్ళీ చూసింది. నేను కుర్చీ కొలతలు తీస్తున్నట్టు నటిస్తూ దాని మొహమే చూస్తున్నాను. ఒకచోట దాని పెదవి మూల నవ్వు కదిలింది. మెచ్చుకుంటోంది అనుకున్నాను. రాసింది నాకు చూపించకుండా సరాసరి ట్యూషన్‌కి పట్టుకుపోయింది. తిరిగొచ్చాక అక్క లాక్కుని, షాపులో అందరికీ వినపడేలా చదివింది.

"వక్త మొదటి మాటే 'నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు' అంటాడు. ఆ మాటతో వినేవాళ్ళు అతన్ని తమలో ఒకడనుకుంటారు. ఆ తర్వాత అతన్ని రుజువులు అడగాలని ఎవరికీ తోచదు."

నాకు చెవులు వేడెక్కాయి.

"అవసరం తనదే అయినా 'మన బజారు' అనే అంటాడు, 'నా షాపు' అనడు. ఎదుటి పక్షాన్ని తోపుడుబండ్ల వాళ్ళు అని ఒక్కసారి కూడా పిలవడు, 'ఆ చివరివాళ్ళు' అంటాడు. పేరు లేనివాళ్ళ కష్టం కళ్ళ ముందుకి రాదు. బజారందరి ఇబ్బందీ చెప్పకుండా, వ్యాను లేక కుర్చీని నెత్తిన పెట్టుకుని నడిచిన ఒక్క ముసలామె సంగతి చెబుతాడు. చెప్పి, ఆగి, మంచినీళ్ళు తాగుతాడు. ఆ కాసేపట్లో వింటున్న ప్రతివాళ్ళకీ వాళ్ళ అమ్మ గుర్తొస్తుంది. ఈ ఉపన్యాసంలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసింది ఆ నీళ్ళే."

బావ మిషను మీద తల పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు.

"ఓసి నీ! నన్ను పట్టుకుని మోసగాడంటావా?" అన్నాను.

"ఎక్కడన్నాను? చూపించు."

కాగితం లాక్కుని పైనుంచి కిందికి వెతికాను. ఎక్కడా లేదు.

"పోనీ, మంచివాడని రాశావా?"

"అదీ రాయలేదు."

"మరి ఎవరి పక్షం నువ్వు?"

"కట్టుబాటు ఉంది మామయ్యా. అడక్కూడదు."

"నాకు దాహమేసి తాగానే!"

"గ్లాసు నింపుకుని మరీ తీసుకెళ్ళావటగా, నాన్న చెప్పాడు" అంది.

బావవైపు చూశాను. మిషను టకటకా మొదలైంది.

కోపంతో సందు చివరిదాకా నడిచాను. అక్కడ తోపుడుబండి మీద పళ్ళు అమ్మే ఆవిడ, "కిందటి మీటింగులో భలే మాట్లాడారన్నా" అంది, నవ్వకుండా. వెనక్కి వస్తూ ఆలోచించాను. పిల్ల రాసినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కన్నవాళ్ళ తర్వాత దాన్ని ఎత్తుకు తిరిగినవాణ్ణి నేను. నన్ను పొగడకుండా, తిట్టకుండా, అడుగు బట్ట కోసి చూసింది. ఊరూ పేరూ తెలియని రచయిత దానికి ఒక లెక్కా?

షాపుకి వచ్చి మళ్ళీ కాగితం తీశాను. ఇందాక కోపంలో చూడలేదు, కింద ఎర్ర సిరా ఉంది. "ఈసారి పోట్లాడలేదు. పరీక్షలోనూ ఇలాగే రాయి." ఆ కాగితాన్ని ఫోటో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. నన్ను చీల్చి చెండాడిందని అందరికీ తెలిస్తే తెలియనీ.

పరీక్ష రోజు షాపు మూసి అందరం వెళ్ళాం. గేటు బయట అక్క ఒక్కచోట నిలబడలేదు. పిల్ల బయటికి రాగానే చుట్టుముట్టాం.

"ఏమిచ్చారే?"

"లైబ్రరీలు దండగ, మూసెయ్యాలి అని ఒకాయన ఉపన్యాసం."

షాపులో లేకపోతే లాయరమ్మ ఉండేది లైబ్రరీలోనే. అది మూస్తామన్నవాణ్ణి ఊరికే వదిలే పిల్ల కాదు.

"ఊరుకున్నావా?" అంది అక్క గుండె మీద చెయ్యేసుకుని.

"ఊరుకున్నానమ్మా. బాగా చెప్పాడు. చిన్నప్పుడు తనూ లైబ్రరీలోనే చదువుకున్నానని మొదలుపెట్టాడు. అచ్చం మామయ్య 'చదువుకోలేదు' అన్నట్టే. దొరికిపోయాడు. ఎలా తిప్పుకున్నాడో అంతా విప్పి రాశా. ఒప్పు తప్పు ఒక్క ముక్క రాయలేదు."

బస్సెక్కాక కూర్చుంది. ఒక స్టాపు దాటింది. అప్పుడు మొదలైంది చూడండి! "ఆయనకి బుద్ధుందా మామయ్యా? ఇంట్లో పుస్తకాలు లేని పిల్లలు ఎక్కడికి పోవాలి?" దిగేదాకా ఆ మనిషిని ఉతికి ఆరేసింది. పక్క సీటు పెద్దావిడ కూడా దానివైపే వచ్చేసింది. లోపల ఇంత మంట పెట్టుకుని, ఆ గదిలో కూర్చున్నంతసేపూ పెదవి కదపకుండా రాసిందా ఈ పిల్ల! కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, కళ్ళు కాస్త సతాయించాయి.

ఫలితాలు వచ్చినరోజు షాపులో సోఫా ఒకటి తలకిందులుగా ఉంది. పిల్ల ఫోను చూసి, దాని పక్కన నేల మీద కూలబడింది. సీటు వచ్చింది. ఆ పేపర్లోనే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు. అక్క ఏడ్చింది. బావ మిషను కట్టేసి లేచి వచ్చి, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. టీచరమ్మగారికి ఫోన్ చేస్తే, "పోట్లాడలేదన్నమాట" అన్నారు.

కాసేపయ్యాక గొంతు సవరించుకున్నాను.

"పరీక్ష అయిపోయింది, కట్టుబాటు తీరిపోయింది. ఇప్పుడు చెప్పు. మీటింగులో నేను చెప్పింది ఒప్పా తప్పా?"

"తప్పే మామయ్యా" అంది, వెంటనే. "వ్యాను పొద్దున్నే తెప్పించుకోవచ్చు. సోఫా ఎప్పుడొచ్చినా సోఫాయే. వాళ్ళ పళ్ళు రద్దీ వేళలోనేగా అమ్ముడుపోవాలి? ఆ వేళ నీ వ్యాను అడ్డంగా ఉంటే వాళ్ళు బండి ఎక్కడ పెట్టుకోవాలి?"

జవాబు చెబుదామని నోరు తెరిచాను. యాభై ఏళ్ళు దాటిన మనిషిని, సంఘంలో చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. మాటకి బదులు చెయ్యి దానంతటదే పక్కనున్న గ్లాసు మీదికి పోయింది.

"అదిగో, నీళ్ళు!" అంది అక్క.

తాగేశాను మరి. సంఘం ప్రెసిడెంటుకి ఫోన్ చేసి, ఆ అర్జీ మళ్ళీ బయటికి తియ్యమని చెప్పాను. ఈసారి మాట్లాడేది నేను కాదు, మా లాయరమ్మ.