నల్లపట్టీ పావురం

పావురం దొరికినప్పటి నుంచీ వహ్బా ఒకచోట కూర్చోలేదు. మేడ ఎక్కేవాడు, గూటి తలుపు తీసి చూసేవాడు, మళ్లీ దిగేవాడు. చెప్పులు కుట్టే బల్ల ముందుకి వెళితే దబ్బనం వేలిలో దిగింది.

ఆ పక్షి ఎదురింటి షల్‌బీది. మెడ చుట్టూ నల్లటి పట్టీ ఉన్న తెల్ల పోతు. కైరోలో ఈ బూలాక్ సందుల్లో పావురాలు పెంచేవాళ్లకి ఒకటే కట్టుబాటు: నీ మేడ మీద వాలిన పక్షి నీది. అన్నదైనా అంతే, బావదైనా అంతే. అడిగి వెనక్కి తీసుకున్నవాడు కాఫీ కొట్టులో తలెత్తుకోలేడు. ఈ నల్లపట్టీ కోసం వహ్బా ఏళ్ల తరబడి ఈలలు వేశాడు. షల్‌బీ ఏళ్ల తరబడి వెక్కిరించాడు.

అది దొరికిన సాయంత్రం రెండు మందలూ గాలిలో కలిశాయి. ఎదురు మేడ మీద షల్‌బీ తన మంద దిగకుండా జెండా ఊపుతున్నాడు. ఉన్నట్టుండి జెండా కిందపడింది. ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాడు వహ్బా. మళ్లీ అటు చూడలేదు. దారి తప్పిన నల్లపట్టీ మీదే కళ్లు పెట్టి, గింజలు చల్లి, ఈల వేసి దింపుకున్నాడు. వల ముడి వేస్తుండగా కింద సందులో అంబులెన్సు కూత వినపడింది.

కాఫీ కొట్టులో జనం భుజం తట్టారు. నీ ఈలకే వాడి గుండె ఆగిందట కదా అని నవ్వారు. వహ్బా టీ సగంలో వదిలి లేచాడు. పట్టిన పక్షి పాత ఇల్లు మరిచిపోవాలంటే రెక్క ఈకలు కత్తిరించాలి. కత్తెర జేబులో వేసుకునే తిరుగుతున్నాడు. కత్తిరించడమో, ఇచ్చెయ్యడమో ఏదో ఒకటి చెయ్యమని, ఈ తిరుగుడు తను చూడలేకపోతున్నానని భార్య ఇన్షిరాహ్ గొడవ పెట్టింది.

షల్‌బీ ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడట. మొదటి అంతస్తు కిటికీ పక్కన మంచం వేశారు. వహ్బా ఓ సంచీలో జామకాయలు, చొక్కా లోపల పావురం పెట్టుకుని వెళ్లాడు.

షల్‌బీ భార్య తఫీదా తలుపు తీసింది. "రండి అన్నయ్యా. ఎక్కువ మాట్లాడించకండి, ఆయాసపడతారు."

షల్‌బీ వహ్బా పొట్ట వైపు చూశాడు. "ఏంట్రా అది, కడుపా?"

వహ్బా పక్షిని తీసి దుప్పటి మీద పెట్టబోయాడు.

"పెట్టకు. పట్టుకున్నావు, నీది. నా ఇంటికి ముష్టి తెస్తావా?"

"జెండా పడటం చూశాను, షల్‌బీ."

"చూసి?"

"పక్షినే చూస్తూ ఉండిపోయాను."

తఫీదా జామకాయలు కడుగుతున్నదల్లా చేతులు ఆపింది. షల్‌బీ చాలాసేపు దుప్పటి అంచు నలిపాడు.

"నేనైనా పక్షినే చూసేవాణ్ణిలే," అన్నాడు చివరికి. "రెక్క కత్తిరించావా?"

"లేదు."

"పావురాలు పెంచే మొహమేనా నీది. తీసుకుపో."

వహ్బా తిన్నగా మేడ ఎక్కి మందనంతా వదిలాడు, నల్లపట్టీతో సహా. అది సందు దాటి షల్‌బీ మేడ మీద తిరిగింది. అక్కడ జెండా లేదు, ఈల లేదు. వెనక్కి వచ్చింది. వహ్బా జెండా ఊపి తరిమాడు. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. తన పావురాలు కూడా దిగలేక తలమీద గిరగిరా తిరుగుతున్నాయి. భుజాలు లాగుతున్నా జెండా దించలేదు. నల్లపట్టీ ఇక్కడ దిగితే తనదే అవుతుంది. ఈసారి రెక్క కత్తిరించక తప్పదు.

అప్పుడు కింది నుంచి ఓ ఈల వచ్చింది. సన్నగా, మధ్యలో తెగిపోతూ. తెగిన చోట దగ్గు. మళ్లీ ఈల.

నల్లపట్టీ ఒక్క చుట్టు చుట్టి, రెక్కలు ముడిచి, ఎదురింటి మొదటి అంతస్తు కిటికీ దగ్గరికి రాయిలా దిగిపోయింది. బక్కపలచటి చెయ్యొకటి బయటికి వచ్చి దాన్ని లోపలికి తీసుకుంది.

"పట్టాను," అన్న మాట పైదాకా వచ్చింది.

వహ్బా పిట్టగోడ మీద వంగి, పక్షి పోగొట్టుకున్నవాడు తిట్టాల్సినట్టే, షల్‌బీని, వాడి తాతల్ని, వాడి ఈలని సందంతా వినేలా తిట్టాడు.