దీపము హెచ్చింపని పరీక్ష

శరత్కాల ప్రభాతమున తరుణారుణ కిరణములు సాగరతరంగములపై పరచుకొనుచుండ విశాఖపట్టణ తీరమందలి పరిశోధనశాల కిటికీల యద్దములు కరగిన బంగారమువలె మెఱయుచుండెను. లోపల గాజుతొట్లలో పారదర్శకదేహములైన చిఱుచేపపిల్లలు విహరించుచుండ వాని మేనిలోని రక్తనాళములు సూక్ష్మదర్శినికి సన్నని యెఱ్ఱదారములవలె గోచరించుచుండెను.

ఆ నాళములలో నొకదానికి లేజరు కిరణముతో సూదిమొనయంత గాయముచేసి అచ్చట నెత్తురు గడ్డకట్టు తీరును చిత్రములుగా తీసి ప్రతి చిత్రమునను గడ్డ యంచును చేతితో గీయుట అచ్చటి పద్ధతి. ఆ పనిని కంప్యూటరునకు నేర్పుటకై పరిశోధకురాలు సౌదామిని ఏండ్లుగా పాటుపడుచుండెను. కాని ఆ యుదయమున గాయమే లేని చేపపై గడ్డ కలదని తెరమీద పచ్చనిగీత వెలసెను.

ఆమెకు పాఠములు చెప్పిన శాలాధిపతి పేర్రాజుగారు పకపక నవ్విరి.

"ఏటమ్మా, నీ శిష్యుడు నిద్దట్లో ఉన్నాడేటి? మధ్యాహ్నంలోగా సరిగ్గా చెప్తే సరి. లేదంటే రేపు ఈ చేపలమీద చేసే మందు పరీక్షకి మళ్లీ చేత్తోనే గీసుకుందాం. దీన్ని మాత్రం అటకెక్కించీ."

ఏండ్ల శ్రమ ఒక్క పూటలో మట్టిపాలగునట్లుండెను. సౌదామిని పాతచిత్రములను వరుసగా తెరపై నిలిపి రెప్పవాల్పక చూచుచుండ ఒక్కసారిగా ఆమెకు గుట్టు తెలిసెను. గడ్డ కట్ట నారంభింపగనే బాగుగా కనబడవలెనని సూక్ష్మదర్శిని దీపము హెచ్చించుట అచ్చటివారి కందఱకును అలవాటు. యంత్రము నేర్చినది గడ్డను గాదు, ఆ వెలుగును! ఉదయమున గాయములేని చేపకును దీపము హెచ్చుగనే యుండెను. వెంటనే ఆమె చిత్రములన్నిటి వెలుగును సమముచేసి యంత్రమునకు మరల పాఠము చెప్పెను.

"మాస్టారూ, తప్పు దానిది కాదండీ, మన చేతులది. ఈసారి దీపం ముట్టుకోకండి."

"చేతులు కట్టుకునే ఉంటానులేవే తల్లీ!"

గాయములేని చేపపై ఏ గీతయు పొడమలేదు. గాయపడిన చేపపై మాత్రము కిరణము సోకిన మఱుక్షణమే పచ్చనిగీత చుట్టుకొనెను.

"ఏదమ్మా? నాకేటీ అగుపించదే!"

ఆ మాట ముగియునంతలో సరిగ్గ ఆ గీతలోపలనే, అంతవఱకు కంటికి కానరాని యెఱ్ఱనిగడ్డ పొడసూపి పెరిగెను. గీతయు దానితోడనే పెరిగెను. పేర్రాజుగారు కట్టిన చేతులు విప్పి కరతాళధ్వని చేసిరి.

"రేపు దీన్నే పెడదాం. నువ్వే నడుపమ్మా!"

చూడవలెనను ఆత్రమే యొక్కొకచో చూపునకు తెరయగును. తెర తొలగిన ఆ మధ్యాహ్నమున గాయము పూడిన సన్ననినాళమున గడ్డ ప్రక్కగా నెత్తురు దారిచేసికొని మరల ప్రవహించుచుండ సౌదామిని తడిసిన కన్నులతో చూచుచు నిలిచెను.